నోరు మూసిన బొమ్మ

ఎర్రరంగులో కాస్త నలుపు కలిపి, బొమ్మలాయన ఆ ఆడమనిషి నోటి లోపలి చీకటిని నింపుతున్నాడు. కుంచె సన్నది, గీత వంకరపోతోంది. పోయినా ఫరవాలేదు, భయపడే పెదవులు నున్నగా ఉండవు. ఆమె వెనక గోడమీద కత్తి నీడ పడింది, మెడ దగ్గర నరం ఉబ్బింది, కళ్ళు పొడుచుకొచ్చాయి. డిటెక్టివ్ మాసపత్రిక వచ్చే నెల సంచికకి అట్టబొమ్మ ఇది. లోపలి కథ ఇంకా ఎవరూ రాయలేదు. ఆ పత్రికలో పద్ధతే అంత. ముందు బొమ్మ వస్తుంది, ఆ తర్వాత ఎవరో ఒకరు ఆ బొమ్మలో చచ్చేవాళ్ళకి ఒక కారణం వెతుకుతారు.

ముప్పై రెండేళ్ళుగా అక్కడ చచ్చేది ఆయన భార్యే. పెళ్ళయిన కొత్తలో "ఒక్కసారి భయపడు" అన్నాడు. ఆవిడ చేతిలో గరిటెతో, పొయ్యిమీద పాలు పొంగిపోతుండగా, నోరు తెరిచి నిలబడింది. అప్పట్నించి ఆవిడను ఉరేశాడు, బావిలో తోశాడు, రైలు కింద పడేశాడు, సినిమాహాల్లో విషం పెట్టాడు. ఒక నెల దెయ్యాన్ని చేశాడు. ఊళ్ళో ఎవరూ ఆవిడను గుర్తుపట్టలేదు. అరిచే ముఖాన్ని ఎవరు చూస్తారు, అందరూ కత్తినే చూస్తారు.

పక్కగదిలోంచి ఆవిడ దగ్గు వినిపించింది. గుండె అలిసిపోయిందనీ, ఇంటికి తీసుకెళ్ళి ఏం కావాలంటే అది పెట్టమనీ డాక్టరు చెప్పి పది రోజులైంది. ఆవిడ తినడానికేమీ అడగలేదు. ఒక బొమ్మ అడిగింది.

"అయిందా?" అంది.

"ఆఁ, కాస్త ఆరాలి. ఇచ్చి వచ్చేస్తా."

"వచ్చాక నాది వెయ్యాలి. నోరు మూసుకుని ఉన్నది."

"వేస్తానన్నాగా."

"నిన్న కూడా అన్నారు." ఆవిడ నవ్వబోయి ఆయాసపడింది. "ఊళ్ళో మగాళ్ళందరూ పెళ్ళాల నోరు ఎలా మూయిద్దామా అని చూస్తారు. నాకు దొరికినాయన ముప్పై ఏళ్ళు తెరిపించే ఉంచాడు. పోయాక కూడా గోడమీద అరుస్తూ ఉండమంటే నావల్ల కాదండీ."

ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటి కూడా లేదు. పెళ్ళినాటిది ఒకటుంటే వానకి నాని చెడిపోయింది. బొమ్మలు వేసేవాడి ఇంట్లో ఫొటోలెందుకని ఆయనే అనేవాడు. పక్కింటావిడను కాసేపు కూర్చోమని చెప్పి, అట్టను పాత దుప్పటిలో చుట్టుకుని బయల్దేరాడు. గంటలో వచ్చేయొచ్చు.

ఎడిటరు బొమ్మను కిటికీ దగ్గర పెట్టి, తల పక్కకి వంచి చూశాడు. "ఏంటి మేష్టారూ, ఈమెకి భయంగా లేదే. ఏదో ఆలోచిస్తున్నట్టుంది."

నిజమే. నోరు సగమే తెరుచుకుంది. పొద్దుట తనకు తెలియకుండానే ఆ పెదవులను దగ్గరికి తెచ్చేశాడు.

"రేపు సరిచేసి ఇస్తానండీ. ఇంట్లో బాగోలేదు."

"మధ్యాహ్నం ప్రెస్సుకి వెళ్ళాలి. పది నిమిషాల పని. ఇక్కడే కూర్చుని కానిచ్చెయ్యండి."

కాదని లేచి రావచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ కాదనని మనిషికి అది ఎలా అనాలో తెలియలేదు. కూర్చున్నాడు. పది నిమిషాల పనికి రెండు గంటలు పట్టింది. దవడ కిందికి దించాడు, నాలుక వేశాడు, పళ్ళు ఒక్కొక్కటీ వేశాడు. ఇదీ అరుపంటే, అని ఎడిటరు మెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ముఖం చూడగానే ఆయనకు అర్థమైంది.

"వదినగారు లేచి తల దువ్వమన్నారన్నయ్యగారూ. నీలం చీర కట్టమన్నారు. వెలుతురు బాగుంటుందని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టమన్నారు. మీరు వచ్చేదాకా ఇక నోరు తెరవనని నవ్వారు. నేను మంచినీళ్ళు తెచ్చేలోగానే..."

బొమ్మలాయన కుర్చీ ఎదురుగా చతికిలబడ్డాడు. ఆవిడ నోరు మూసుకునే ఉంది. ఆయనకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. జీవితంలో ఎప్పుడూ అంత సిగ్గుపడలేదు. పక్కింటావిడ బంధువులకు కబురు పంపడానికి వెళ్ళగానే లేచి, ఒక తెల్ల అట్ట, పెన్సిలు తెచ్చుకున్నాడు.

ఆమె నలుగురిని వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి బొమ్మ పూర్తయింది. పాపిట, చెవి వెనక జారిన వెంట్రుకలు, కలిసిన పెదవులు, అన్నీ ఆవిడవే. కానీ ముఖమంతా అట్ట అడుగుభాగంలో ఇరుక్కుని ఉంది. గడ్డం అంచుకి తగులుతోంది.

"పైన ఇంత ఖాళీ వదిలేశారేంటన్నయ్యగారూ?"

"అక్కడ పత్రిక పేరు పడాలి కదమ్మా," అన్నాడాయన మామూలుగా. అన్నాక గానీ తనేమన్నాడో తనకు వినపడలేదు. పెన్సిలు కిందపెట్టి రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు.

సాయంత్రం ఆవిడను తీసుకెళ్ళాక గదిలో ఆ అట్ట గోడకి ఆనించి ఉండిపోయింది, పైన జానెడు తెలుపు, ఏ పేరూ పడకుండా.