పచ్చదారం కుట్టు

నాకు నోరెక్కువని మా వీధిలో అందరూ అంటారు. అననివ్వండి. పైపుల ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా పద్దెనిమిదేళ్ళుగా బైకు సీట్లు కుడుతున్నాను. ఆ గేటు దగ్గర జరిగేవన్నీ చూస్తూ నోరు కుట్టేసుకుని కూర్చోవడం నావల్ల కాదు. కానీ నిజంగా నోరు విప్పాల్సిన చోట విప్పలేదు. నా బాధంతా అదే.

రెండేళ్ళ కిందట ఫ్యాక్టరీకి సేఫ్టీ సారు ఒకాయన కొత్తగా వచ్చాడు. వచ్చీరాగానే గేటు పక్కన పెద్ద బోర్డు పెట్టించాడు: 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు'. దాని కింద మూడు మేకులు, మేకులకి అంకెల రేకులు. రోజూ పొద్దున్నే వాచ్‌మన్ ఆ రేకులు మారుస్తాడు. ఆ తర్వాత, బైకు మీద హెల్మెట్ లేకుండా వస్తే గేటు తెరవకూడదని హుకుం జారీ చేశాడు. మంచిదే, నేనూ మెచ్చుకున్నాను. హెల్మెట్లు ఫ్యాక్టరీయే ఇచ్చింది, అది ఇంకా మంచిది. కాకపోతే ఆ మహానుభావుడు అన్నీ ఒకే సైజువి తెప్పించాడు. చెప్పులు కొనేటప్పుడు కాలు చూసుకోమా? తలలు చూడకుండా తలకాయలకి ఎలా తెప్పించాడో ఆయనకే తెలియాలి.

సగం మందికి అవి దిగలేదు. మా తమ్ముడికైతే మరీను. వాడు అక్కడే వెల్డరు. చిన్నప్పటి నుంచీ వాడిది గుమ్మడికాయంత తల. బొత్తాలన్నీ విప్పితే తప్ప అమ్మ వాడికి చొక్కా తొడగలేకపోయేది. హెల్మెట్‌ని చంకలో పెట్టుకుని నా కొట్లోకి వచ్చాడు.

"అక్కా, ఇందులో తల పెడితే కణతలు పగిలిపోతున్నాయి. సైజు మార్చమంటే సేఫ్టీ సారు నీ దగ్గరికెళ్ళమన్నాడు. ఎదురుగా సీట్లు కుట్టే ఆవిడుంది కదా, సర్ది ఇస్తుందిలే అన్నాడు."

సర్ది ఇచ్చాను. లోపలి గుడ్డ ఊడదీస్తే, దాని వెనక బొటనవేలంత మందాన తెల్లటి థర్మోకోల్ ఉంది. స్పాంజి కోసే కత్తితో దాన్ని రెండు పక్కలా గీకేశాను. కొట్టంతా తెల్లటి పూసలు ఎగిరాయి. పల్చటి స్పాంజి ముక్క అతికించి, గుడ్డ పరిచి, నేనెప్పుడూ వాడే పచ్చదారంతో చుట్టూ కుట్టేశాను. తమ్ముడు పెట్టుకుని, "అబ్బ, దిండులా ఉందక్కా!" అన్నాడు. మర్నాటి నుంచి జనం వరస కట్టారు. మొత్తం అరవై ఒకటి చేశాను. ఆ గేటులోకి వెళ్ళే తలల్లో సగం నా చేతిపనే కదా అని మురిసిపోయాను కూడా.

పదకొండు రోజుల కిందట, మేమంతా పొడుగాయన అని పిలిచే మనిషి బైకు మీంచి పడిపోయాడు. ఆయన ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. నన్ను అక్కా అని పిలుస్తాడు. గేటుకి కూతవేటు దూరంలో ఒక మలుపుంది. ఫ్యాక్టరీ లారీల నుంచి రాలిన కంకర అక్కడ ఎప్పుడూ పరుచుకునే ఉంటుంది. ఊడ్పించమని ఎంతమంది అడిగినా, రోడ్డు మాది కాదనేవారు. పొడుగాయన బైకు నడిపితే సైకిళ్ళు దాటిపోతాయని మేమంతా ఏడిపించేవాళ్ళం. అంత నెమ్మదస్తుడికి ముందు చక్రం జారి, తల రోడ్డు వారనున్న రాతికి కొట్టుకుంది. మర్నాడు గేటుకి ఒక కాగితం అంటించారు: 'అతివేగం ప్రాణాంతకం'. బోర్డు మీద అంకె సున్నాకి రాలేదు సరికదా, ఒకటి పెరిగింది. ఇదేమిటని వాచ్‌మన్‌ని అడిగాను.

"గేటు బయట జరిగింది లెక్కలోకి రాదంటమ్మా," అన్నాడు.

ఆ రోజే గేటు ఎక్కి అరవాల్సింది. లోపల్లోపల తిట్టుకుని మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చున్నాను.

నిన్న మధ్యాహ్నం పొడుగాయన భార్య వచ్చింది. చేతిలో గుడ్డసంచీ, అందులో హెల్మెట్. వచ్చీ రాగానే నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"మీ చలవే వదినా. మీరు బాగుచేసిచ్చిన హెల్మెట్ ఉండబట్టే ఆయన ప్రాణం దక్కింది. కళ్ళు తెరిచారు. నన్ను ఇంకా గుర్తుపట్టడం లేదు. మెల్లగా పడతారంటున్నారు. హెల్మెట్ ఉండి కూడా ఇంత దెబ్బ ఎలా తగిలిందని డాక్టరుగారు ఒకటే అడగడం. నాకేం తెలుసు?" కొంగుతో ముఖం తుడుచుకుని సంచీ నా ముందు పెట్టింది. "లోపల గుడ్డ చిరిగింది. మళ్ళీ కుట్టి ఇస్తారా? నన్ను ఆసుపత్రికి తిప్పుతున్నది మా మరిది. అతనికి హెల్మెట్ లేదు."

పచ్చదారం తెంపి గుడ్డ తీశాను. వెనక వైపు నేను కత్తి పెట్టని చోట థర్మోకోల్ లోపలికి అణిగి, పెళుసుగా చిట్లిపోయి ఉంది. అక్కడి దెబ్బ అది మింగింది. ఎడమ పక్కన, నేను గీకిన చోట, అణగడానికి ఏమీ లేదు. గోరంత మందం. పైడిప్ప లోపలికి నొక్కుకుపోయి ఉంది. అదీ, దాని వెనక మనిషి కణత. అంతే.

నాకు తెలియదని ఎలా చెప్పను? పద్దెనిమిదేళ్ళుగా నేను చేసే పనే అది. సీటులో స్పాంజి పల్చబడితే గతుకు గతుక్కీ కింద రేకు తగులుతుందమ్మా అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేదాన్ని. కూర్చునే చోటు గురించి అంత తెలిసినదాన్ని, తల గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు. తలకి పట్టిందా లేదా అనే చూశాను.

ఆవిడకి దాచకుండా చెప్పాను. గీకిన చోటూ గీకని చోటూ వేలుపెట్టి చూపించాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయింది. తిట్టినా బాగుండేది.

గొర్రె కసాయివాడిని నమ్మినట్టు నన్ను నమ్మినవాళ్ళు ఇంకా అరవై మంది ఉన్నారు. అందులో ఒకడు మా తమ్ముడు. రెండు గంటలకి షిఫ్టు వదులుతారు. వాడు ఆ కంకర మలుపు మీదుగా ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళాలి. కత్తి పుచ్చుకుని రోడ్డు దాటి గేటుకి అడ్డంగా నిలబడ్డాను.

సైరన్ మోగింది. బైకులు బయటికి వచ్చాయి. ఇటు రెండో షిఫ్టు వాళ్ళూ అప్పుడే వచ్చి ఆగారు. మా తమ్ముడి బండి హ్యాండిల్ పట్టుకున్నాను.

"హెల్మెట్ తియ్యి."

"ఏంటక్కా, నడిరోడ్డు మీద? పరువు తీస్తున్నావు."

"తల ఉంటే పరువు తరవాత చూసుకుందాం. తియ్యి!"

వాడి చేతుల్లోంచి లాక్కుని, గుడ్డ పరపరా చీల్చి లోపల చూపించాను. ఏం జరిగిందో, పొడుగాయనకి ఆ దెబ్బ ఎలా తగిలిందో, గొంతు పోయేలా చెప్పాను. మొదట నన్నే తిట్టారు. తిట్టాల్సిందే. తర్వాత ఒక్కొక్కరూ తమ హెల్మెట్లు తిప్పి వేళ్ళతో నొక్కి చూసుకోవడం మొదలుపెట్టారు. పచ్చదారం ఉన్నవాళ్ళంతా హెల్మెట్లు తీసేసి బండ్లు దిగారు.

అప్పుడు వచ్చాడు సేఫ్టీ సారు, తన బైకు మీద.

"ఏంటీ గోల? దారి వదలండి. లోపలికెళ్ళేవాళ్ళు లోపలికెళ్ళండి!"

"హెల్మెట్ లేకపోతే గేటు తెరవద్దన్నారు కదా సారూ," అన్నాడు వాచ్‌మన్ పాపం, అమాయకంగానే.

"ఇవాళ్టికి పంపించెయ్. మిషన్లు ఆగిపోతాయి!"

రెండేళ్ళుగా వేదవాక్కులా చెలామణి అయిన రూలు మిషన్ల కోసం ఒక్క నిమిషంలో ఎగిరిపోయింది. నా ఒళ్ళు మండిపోయింది.

"సారూ, మీ తల కూడా పెద్దదే. మీ హెల్మెట్ నా దగ్గరికి రాలేదే?"

"నాకెందుకమ్మా? కంపెనీది నాకు పట్టలేదు. నేను పెద్ద సైజు విడిగా కొనుక్కు..."

అక్కడే ఆగిపోయాడు. అందరూ విన్నారు. లోపలి థర్మోకోల్ గీకితే అది హెల్మెట్ కాదని ఆయనకి తెలుసు. తన తలకి సైజు చూసుకున్నాడు, మిగతావాళ్ళని నా కత్తి దగ్గరికి పంపాడు.

"గీకింది నువ్వు!" అని నా మీదికి తిరిగాడు. "కంపెనీకేం సంబంధం? కేసు పెడితే మొదట నీ మీదే పడుతుంది."

"పెట్టండి. మొదటి పేరు నాదే రాయండి. రెండో పేరు ఎవరిదో నేను చెప్తాను."

ఎవరూ లోపలికి వెళ్ళలేదు. మా తమ్ముడు బండి స్టాండు వేసి, నా వైపు చూడకుండా, "సరిపోయే సైజు హెల్మెట్లు ఇచ్చేదాకా లోపలికి రాం సారూ. ఆ కంకర కూడా ఊడ్పించండి," అన్నాడు. వెనక నుంచి చాలామంది అవునన్నారు. తర్వాత వాడు బండి నడిపించుకుంటూనే ఇంటిదారి పట్టాడు. ఎనిమిది కిలోమీటర్లు. వాడి వెనకే ఇంకొందరు.

పొడుగాయన భార్య మెట్టు మీద నుంచి లేచి రోడ్డు దాటింది. బోర్డు దగ్గరికి వెళ్ళి మూడు అంకెల రేకులూ తీసి కింద పెట్టింది. ఖాళీ అయిన నడిమి మేకుకి ఆ నొక్కుకుపోయిన హెల్మెట్ తగిలించింది. వాచ్‌మన్ చూస్తూ నిలబడ్డాడు.

తిరిగి వస్తూ నా ముందు ఆగింది.

"ఇందాక మీకు దణ్ణం పెట్టాను వదినా," అంది. "అది వెనక్కి తీసుకుంటున్నాను."

తీసుకోమ్మా అన్నాను.