పదహారు వందల మీటర్ల పగ

నా పేరు దేముడమ్మ. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. అకాడమీలో చేరిన మొదటిరోజే సన్యాసిరావు సార్ అరవైమంది ముందు పడీపడీ నవ్వాడు. "ఏటమ్మా, మీ మామ్మ పేరు సెప్పేవా, నీ పేరు సెప్పేవా?" అన్నాడు. అది మా నాయనమ్మ పేరే. ఆ నవ్వు సంగతి పోనీలే అనుకున్నాను. తర్వాత చేసినదాన్ని మాత్రం పోనివ్వలేదు.

సార్ మిలటరీలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. అనకాపల్లిలో కానిస్టేబుల్ ఉద్యోగాలకి కోచింగ్ ఇస్తాడు. నేను తుమ్మపాల పిల్లని. నాన్నకి ఎకరన్నర చెరుకు. రాతపరీక్ష మొదటిది గట్టెక్కాను, ఫైనల్ పరీక్షకి ముందు ఈవెంట్స్. అంటే ముఖ్యంగా పరుగు. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలి. పరిగెత్తితే కానిస్టేబుల్ అయ్యే దారి ఉంటుంది. లేకపోతే అచ్యుతాపురం వైపు ఏదో కంపెనీలో ప్యాకింగ్ పని. ఆ పని నాన్న అప్పటికే మాట్లాడి ఉంచాడు.

డిసెంబరులో కుడికాలు నొప్పి మొదలైంది. మోకాలి కింద ముందువైపు ఎముక మీద అడుగేసినప్పుడల్లా జివ్వుమనేది. సార్‌కి చెప్పాను. "నొప్పి కాల్లో నేదు, బుర్రలో ఉంది. పరిగెట్టు" అన్నాడు. పరిగెత్తాను. పెద్దవాళ్ల మాట వినేరకం అప్పట్లో. ఇంటికొస్తే అమ్మ సున్నమూ బెల్లమూ కలిపి పట్టు వేసేది. బెల్లం ఊళ్లో పుట్టినవాళ్లం, బెల్లానికి తగ్గని దెబ్బ ఉంటుందని మాకు తోచదు. బెణుకుకి వేసే ఆ పట్టుని పగిలిన ఎముక మీద మూడు వారాలు వేసుకున్నాను. పొద్దున్న సార్ మాట, సాయంత్రం అమ్మ బెల్లం. రెండూ నమ్మాను.

గ్రౌండులో మాక్ టెస్టు పెట్టినరోజు మూడో రౌండులో కాలు టప్పుమంది. ఆ శబ్దం నేను విన్నాను. కూలబడ్డాను. సార్ వచ్చాడు. చేతిలో స్టాప్‌వాచ్ ఆపలేదు సరికదా, వంగి చూడను కూడా లేదు. బ్యాచ్ అంతటినీ పిలిచి, "సూడండి. బద్దకం ఇలాగుంటాది" అన్నాడు. బ్యాచ్‌లో నా స్నేహితురాలు దివ్య, ఇంకో అమ్మాయి కలిసి నన్ను ఆటోలో వేసి ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఎక్స్‌రేలో ఎముక రెండు ముక్కలు.

మూడు నెలలు సిమెంటు కట్టు. సార్ ఒక్క ఫోన్ చెయ్యలేదు. పైగా, పరుగంటే భయమేసి దేముడమ్మ దొంగనాటకం ఆడిందని కొత్త బ్యాచ్‌కి పాఠంలా చెబుతున్నాడని దివ్య చెప్పింది. ఆరోజు ఒక ఒట్టు పెట్టుకున్నాను. యూనిఫాం వేసుకుని, మెయిన్ రోడ్డు మీద హెల్మెట్ లేకుండా వచ్చే ఆ మనిషిని చెయ్యెత్తి ఆపి, "లైసెన్సు తియ్యండి సార్" అనాలి. అంతే. అంతకన్నా నాకు ఏమీ వద్దు.

నా అదృష్టం, ఈవెంట్స్ వాయిదా పడ్డాయి. కట్టు విప్పాక డాక్టరు మెల్లగా పరుగు మొదలుపెట్టొచ్చన్నాడు. కొత్త తేదీ కూడా వచ్చింది, సరిగ్గా రెండు నెలలుంది. ఇంకేం కావాలి? తెల్లవారుజామున అలారం మోగింది, లేచాను, షూ వేసుకున్నాను, అరుగు మీద కూర్చున్నాను. కూర్చున్నదాన్ని లేవలేదు. పాలబండి వచ్చేదాకా అక్కడే కూర్చుని, కుళాయి నీళ్లు మొహం మీద, టీషర్టు మీద చల్లుకుని, చెమట పట్టినట్టు రొప్పుకుంటూ లోపలికి వెళ్లాను. "బాగా పరిగెట్టేవా?" అంది అమ్మ. "ఆఁ" అన్నాను. సిగ్గులేని జన్మ. అలా వారం రోజులు!

కాలు నొప్పెట్టి కాదు. కాలు బాగానే ఉంది, కాస్త సన్నబడింది, అంతే. మనసే లేవడం లేదు. మళ్లీ విరిగితే? మళ్లీ అరవైమంది చూస్తే? యూనిఫాం కూడా మనసులో వెలిసిపోయింది. ప్యాకింగ్ పని అంత చెడ్డదేమీ కాదులే, కూర్చుని చేసేదే కదా అని నాకు నేనే నచ్చచెప్పుకోవడం మొదలుపెట్టాను.

ఎనిమిదోరోజు అరుగు మీద కూర్చుని ఫోన్ చూస్తుంటే సార్ వాట్సాప్ స్టేటస్ కనబడింది. పొద్దున్న నాలుగున్నరకే పెట్టాడు. నల్ల కళ్లద్దాలు, సెల్యూట్ కొడుతున్న ఫొటో, కింద అక్షరాలు: "నొప్పికి భయపడేవాళ్లు యూనిఫాంకి పనికిరారు. మీ సన్యాసిరావు సార్." ఒళ్లు భగ్గుమంది. ఓలమ్మో, ఎంత పొగరు! నా ఎముక విరగ్గొట్టినవాడు నొప్పి గురించి రాస్తున్నాడు! ఎప్పుడు లేచానో తెలియదు. మా ఊరి చక్కెర ఫ్యాక్టరీ గోడ వెంబడి కల్వర్టు దాకా పరిగెత్తాను, దారంతా తిట్టుకుంటూ. కల్వర్టు దగ్గర వగర్చుకుంటూ ఆగాక గానీ, పరిగెత్తానన్న సంగతి నాకే తట్టలేదు.

ఇక దొరికింది మందు. రోజూ నాలుగున్నరకి స్టేటస్ చూడడం, ఉడికిపోవడం, పరిగెత్తడం. ఆయన రోజుకో ముక్క రాసేవాడు, నేను రోజుకో కొత్త తిట్టు కనిపెట్టేదాన్ని. గోడ మొదలు నుంచి కల్వర్టుకి వెళ్లి వెనక్కి వస్తే ఎనిమిది వందల మీటర్లు, అలా రెండుసార్లు. మొదట్లో పద్నాలుగు నిమిషాలు పట్టేది. తర్వాత పన్నెండు. నెల తిరిగేసరికి పదకొండూ ఇరవై. ఒకరోజు చెరుకు తోట గట్టు మీద అమ్మ ఎదురుపడింది. "ఎవుర్నే అలాగ తిడతన్నావు?" అంది. "ఎవుర్నీ కాదే, పాట పాడుకుంతన్నాను" అన్నాను. "నీ పాట తగలెయ్యా, ఊరంతా ఇంతంది" అంది.

ఈవెంట్స్ ఇంకా పంతొమ్మిది రోజులున్నాయనగా స్టేటస్ ఆగిపోయింది. నాలుగున్నరకి చూశాను, లేదు. ఐదుకి చూశాను, లేదు. ఆరోజు పరుగు లేదు. మర్నాడూ లేదు. పాతవి గుర్తు తెచ్చుకుని కోపం తెచ్చుకుందామని చూస్తే చద్దికూడులా చప్పగా ఉంది. నాలుగోరోజుకి కాలు కూడా నొప్పి అనడం మొదలుపెట్టింది. అప్పుడు భయమేసింది. ఈ మనిషి మీద పగ లేకపోతే నాకు పరుగే లేదన్నమాట. నా కాళ్ల తాళంచెవి తీసుకెళ్లి ఆయన జేబులో పెట్టాను.

దివ్యకి ఫోన్ చేశాను. "నీకు తెలీదేటే? సారు సబ్బవరం నుంచి వత్తంటే బండికి కుక్క అడ్డమొచ్చింది. కాలిరిగిపోయింది. కుడికాలే" అంది.

కుడికాలే! నవ్వాను. ఫోన్ పెట్టేసి మరీ నవ్వాను. తప్పే, అయినా నవ్వాను. ఆ పూట అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను. పలకరించడానికి వెళ్తానంటే అమ్మ మురిసిపోయింది. "గురువుగోరు కదా, ఉత్తిసేతుల్తో ఎల్లకు" అని యాపిల్ పళ్లు, బ్రెడ్డు ప్యాకెట్టు, హార్లిక్స్ సీసా సంచిలో పెట్టి ఇచ్చింది. నేను పలకరించడానికి వెళ్లలేదు, చూసి ఆనందించడానికి వెళ్లాను. ఆటోలో దారంతా ఒకే మాట మనసులో సానబెట్టుకున్నాను.

సార్ భార్య సత్యలక్ష్మిగారు తలుపు తీసింది. సార్ మంచం మీద ఉన్నాడు. కాలు రెండు దిళ్ల మీద, గడ్డం మాసి, పొట్ట బనీను మీదికి పొంగి. నల్ల కళ్లద్దాలు లేకపోతే ఆయన కళ్లు ఎంత చిన్నవో అప్పుడే చూశాను.

"ఎలాగుంది సార్?"

"ఏటి సెప్పమంతావమ్మా. రేత్రులు నిద్దరట్టడం నేదు. నొప్పి, ఒకటే నొప్పి."

"నొప్పి ఎక్కడ సార్? కాల్లోనా, బుర్రలోనా?"

సానబెట్టిన మాట అదే. కత్తిలా దిగింది. సత్యలక్ష్మిగారు అర్థంకాక ఇద్దరి వంకా చూసింది. సార్ మొహం పాలిపోయింది. నా గుండె ఎంత చల్లబడిందో చెప్పలేను. ఇంకో రెండు కూడా సిద్ధంగా ఉన్నాయి, అవీ అందామని నోరు తెరిచాను.

అంతలో ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "దేముడమ్మా, నీకూ ఇలాగే నొప్పెట్టిందేటి? మూడు వారాలు ఈ నొప్పితోటి పరిగెట్టేవా నువ్వు? నేను ఆరోజు..." అన్నాడు.

రాబోయేదేమిటో నాకు తెలిసిపోయింది. ఈవెంట్స్ పదిహేను రోజులున్నాయి. పదకొండూ ఇరవై దగ్గర ఉన్నాను. ఈయన ఇప్పుడు ఆ మాట అనేస్తే నేను ఎవరిని తిట్టుకుంటూ పరిగెత్తాలి? గభాల్న లేచాను.

"వద్దు సార్. ఆ మాట సెప్పకండి."

"కాదమ్మా, నా మాట ఇను..."

"ఇనను సార్. మీరిప్పుడు తప్పయిపోయిందంటే నేను పరిగెట్టలేను. ఇన్నాళ్లూ మిమ్మల్ని తిట్టుకునే పరిగెట్టేను. ఇంకోలాగ పరిగెట్టడం నాకు తెలీదు. ఈవెంట్స్ అయ్యేదాకా ఆగండి."

"అదేటమ్మా, పెద్దోరు ఏదో సెప్పుకుంతంటే..." అంది సత్యలక్ష్మిగారు.

"మీరూరుకోండమ్మా. సార్, రేపట్నుంచి స్టేటస్ పెట్టండి. నాలుగున్నరకి."

ఆయన నోరు తెరుచుకుని చూశాడు. "ఏటి పెట్టమంతావు?"

"నన్ను తిట్టండి" అని చెప్పి, హార్లిక్స్ సీసా బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు నాలుగున్నరకి స్టేటస్ వచ్చింది. ఫొటో లేదు, అక్షరాలే: "కుంటిసాకులు చెప్పేవాళ్లు ఇంట్లో కూర్చోండి. మీవల్ల కాదు." మంచం మీద పడుకుని, నిద్రపట్టక, నాకోసం ఆ ముక్క టైపు చేశాడని నాకు తెలుసు. అయినా ఒళ్లు మండింది. కాళ్లకి ఆ తేడా తెలియదు కదా! పైగా ఆ మిలటరీ మనిషి నేను చెప్పిన టైముకి నేను చెప్పిన పని చేస్తున్నాడు. ఆ తృప్తి వేరు. పదిహేను రోజులూ ఒక్కరోజు తప్పలేదు. పదిన్నరకి వచ్చాను, తర్వాత పదీ పదికి.

ఈవెంట్స్ విశాఖపట్నంలో. గ్రౌండులో మొదటి రౌండు సార్‌ని తిట్టుకుంటూనే పరిగెత్తాను. రెండోదీ అంతే. ఆఖరి రౌండుకి వచ్చేసరికి ఊపిరి అందలేదు, కుడికాలు బరువెక్కింది. అప్పుడు సార్‌ని తలుచుకున్నాను. కళ్లద్దాలు, స్టాప్‌వాచ్, ఆ నవ్వు, అన్నీ పిలిచాను. ఏదీ రాలేదు. ఆయన రాలేదు. నేనొక్కదాన్నే ఉన్నాను. అయినా కాళ్లు ఆగలేదు, అవి వాటి పని అవి చేసుకుపోయాయి. తొమ్మిదీ యాభై రెండు. గీత దాటాక అక్కడే కూర్చుని ఏడ్చాను.

తర్వాత మూడు రోజులు సార్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఎత్తలేదు. నాలుగోరోజు మా ఇంటి ముందు ఆటో ఆగింది. చంకకర్రలతో దిగాడు. మా మూడు మెట్లూ ఎక్కడానికి చెమటలు కక్కుకున్నాడు. అమ్మ పరుగున వెళ్లి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"ఈవెంట్స్ అయిపోయేయి కదమ్మా. మంచి టైము కొట్టేవంట, దివ్య సెప్పింది" అని, కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడు సెప్పొచ్చా?"

యాభై ఏళ్ల మనిషి. నా గుమ్మంలో నిలబడి నా పర్మిషన్ అడుగుతున్నాడు. ఆయన మొహంలో రాత్రులు నిద్రలేదని తెలుస్తూనే ఉంది. అది కాలి నొప్పి మాత్రమే కాదని కూడా తెలుస్తోంది. ఆ మాట అనేస్తే ఆయనకి హాయిగా ఉంటుంది.

"ఇంకా ఫైనల్ పరీక్ష ఉంది సార్. తర్వాత ట్రైనింగు, తొమ్మిది నెలలు. రోజూ పరుగే" అన్నాను.

"అయితే?"

"అయితే మీ మీద కోపం నాకింకా కావాలి సార్. అది నేకపోతే పరిగెట్టలేను. ఆగండి."

ఆయన నమ్మాడు. తల ఊపాడు. "అలగేనమ్మా, నీకు పనికొత్తాదంటే ఆగుతాను" అన్నాడు. అమ్మ నా జబ్బ మీద ఒక్కటిచ్చింది, "ఓసి పాపిష్టిదానా, పాపం కాదేటే!" అని. నేను కదల్లేదు. ఆయన కర్రలు సర్దుకుని వెనక్కి తిరిగాడు. మూడు మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. నేను చెయ్యి అందించలేదు.