డ్రైవరు గారి పక్క సీటు

పెళ్లయి పాతికేళ్లు దాటినా ఆవిడ మొగుడి మొహం కన్నా మెడనే ఎక్కువ చూసింది. ఆయన బస్సు డ్రైవరు. ఎక్కడికి వెళ్లినా ఆయన స్టీరింగు ముందు, ఆవిడ ఆయన వెనక సీట్లో. ‘డ్రైవరుతో మాట్లాడరాదు’ అని బస్సులో ఉండే బోర్డును ఆ మహానుభావుడు ఇంట్లో కూడా అమలు చేశాడు. అన్నం తింటున్నా చూపు ఎదురుగోడ మీదే, అవతల్నుంచి ఏదో లారీ వస్తున్నట్టు.

వచ్చే నెల ఆయన రిటైరవుతున్నాడు. బస్సు డిపోకి, మనిషి ఇంటికి. ఇంటికి రావడానికి లోపల మనిషంటూ ఒకడు మిగిలున్నాడా అన్నదే ఆవిడ బెంగ. ఆవిడ దర్జీ. ఈమధ్యనే చెల్లెలు తన ఊళ్లో కుట్టుదుకాణం తెరుస్తూ, వచ్చి నాతోనే ఉండిపో అక్కా అంది. సెలవులకి వెళ్లొచ్చి చెబుతానంది ఆవిడ. ఆ నాలుగు రోజుల్లో మొగుడు పక్కన కూర్చుని మనసు విప్పి మాట్లాడాడా, సరే. లేదంటే కుట్టుమిషనూ ఆవిడా చెల్లెలింటికి పోతారు.

అందుకే ఏరికోరి కాలవల ఊరికి బయల్దేరదీసింది. ఎప్పుడో రాజుల కాలం నాటి ఊరు. వీధులుండాల్సిన చోట నీళ్లు, ఇళ్ల గుమ్మాల ముందు పడవలు. మందుకైనా ఒక చక్రం కనబడదు. తోలడానికేమీ లేకపోతే చచ్చినట్టు పక్కన కూర్చుంటాడనుకుంది, పిచ్చితల్లి.

దిగిన దగ్గర్నుంచీ ఆయన ప్రతి వంతెన మీదా ఆగి పడవలవాళ్లకు వంకలు పెట్టాడు. అద్దాల్లేవు, హారన్ లేదు, ఎవడు ఎటు తిరుగుతాడో వాడికే తెలీదు అని సణిగాడు. పాత రాజుగారి మేడ చూపించడానికి తీసుకెళ్తే, పైకప్పు మీది బొమ్మలు చూడమని గైడు మొత్తుకుంటుంటే, రాజుగారు పడవ ఎక్కడ ఆపుకునేవారని అడిగాడు. గైడుకు తెలీదు. చదువుకున్నవాడివి, ఆ మాత్రం తెలీదా అన్నట్టు చూశాడాయన.

మర్నాడు జనం ఎక్కే పెద్ద పడవ ఎక్కారు. ఆవిడ పరుగెత్తి కిటికీ దగ్గర జంట సీటు పట్టి, పక్కన సంచీ వేసి కాపలా కాసింది. ఆయన తిన్నగా వెళ్లి పడవ నడిపేవాడి వీపు వెనక నిలబడ్డాడు. దిగేదాకా కదల్లేదు. గట్టు మీది రంగు వెలిసిన మేడల్ని చూసి ఆవిడ ముచ్చటపడి ఒక మాట అనాలంటే, వినడానికి సంచీ ఒక్కటే ఉంది. ఆవిడకు ఏడుపొచ్చింది. చెల్లెలికి చెప్పాల్సిన జవాబు దాదాపు నోటిదాకా వచ్చేసింది.

ఆఖరి రోజు ఆవిడ మొండికేసి చిన్న అద్దె పడవ మాట్లాడింది. ఇద్దరికి ఒక్కటే సీటు, పడవవాడేమో వెనక నిలబడి తెడ్డు వేస్తాడు. ముందు నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆయన దిక్కులు చూసి, ఇక దారిలేక, అలవాటుగా కుడివైపు కూర్చున్నాడు. మలుపు మలుపుకీ ఆయన కుడికాలు పడవ చెక్కను తొక్కుతూనే ఉంది. ఆవిడ గొంతు సవరించుకుని “ఏవండీ” అంది.

సరిగ్గా అప్పుడే పడవ సన్న కాలవలోకి కుడికి తిరిగింది. సందుమలుపు, వెనక బండి ఉందో లేదో తెలీదు. సిగ్నలు లైట్లను నమ్మని కాలంలో డ్రైవింగు నేర్చుకున్న మనిషి. ఆయన ఠీవిగా కుడిచెయ్యి బయటికి చాపాడు. గోడకు పడవలు కట్టే ఇనుపకొక్కెం ఒకటుంది. చొక్కా చేతిపట్టీ వెళ్లి అందులో చిక్కుకుంది.

ఇంకొకరి చొక్కా అయితే పర్రున చిరిగేది, మనిషి మిగిలేవాడు. కానీ అది ఆవిడ కుట్టింది. గుడ్డ చిరిగినా కుట్టు ఊడదని ఆవిడకు పేరు. పడవ ముందుకెళ్లింది, చొక్కా రానంది, చొక్కాలో ఉన్న పెద్దమనిషి నీళ్లలో దిగబడ్డాడు.

ఆవిడ కెవ్వుమంది. పడవవాడు నింపాదిగా పడవ వెనక్కి తెచ్చి, లోతు లేదమ్మా, కాళ్లకు బురద అందుతుంది అన్నాడు. నిజమే, నీళ్లు రొమ్ము దాకానే ఉన్నాయి. ఒక చెయ్యి కొక్కేనికి, రెండో చెయ్యి పడవ అంచుకు. ఆ అంచు వదలమంటే వదలడు. పైన వంతెన మీద జనం ఫోన్లు తీశారు.

“వెనక ఏమైనా వస్తోందేమో చూడు,” అన్నాడాయన.

ఆవిడ సంచీలోంచి దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసింది. చేతిపట్టీ దాకా వెళ్లి ఆగింది.

“కోస్తాను. ముందు ఒక్కటి చెప్పండి. నా పక్కన కూర్చోవడానికి మీకేం రోగం?”

ఆయన కుడికి చూశాడు, ఎడమకు చూశాడు. తప్పుకోవడానికి సందు లేదు. చివరికి ఆవిడ మొహంలోకి చూశాడు.

“మీ చెల్లెలు ఫోనులో నాకు చెప్పేసింది. దుకాణం సంగతి. పక్కన కూర్చుంటే వెళ్లిపోతానని చెప్పేస్తావు. చెప్పడానికి సందివ్వకపోతే వెళ్లవేమో అనుకున్నాను.”

ఇన్నేళ్లు చూసిన మెడకు అవతల ఇంత భయం ఉందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. కోపం పోలేదు గానీ, దాని పక్కనే జాలి వచ్చి కూర్చుంది.

“ఊళ్లోవాళ్లందర్నీ వాళ్ల వాళ్ల చోట్లకి చేర్చాను,” అన్నాడాయన, పళ్లు చలికి టకటకలాడుతుంటే. “నువ్వెళ్లేటప్పుడు నన్ను కూడా తీసుకెళ్తావా?”

ఆవిడ కత్తెర ఆడించింది. తన కుట్టు తనకే ఒక పట్టాన తెగలేదు. పడవవాడూ ఆవిడా చెరో రెక్క పట్టి లాగితే, ఆయన నీళ్లోడుతూ వచ్చి సీటులో ఆవిడ పక్కన కూలబడ్డాడు.

కొంచెం ముందుకెళ్లాక కాలవ రెండుగా చీలింది. ఎటు పోనివ్వమంటారు అని పడవవాడు అడిగాడు. డ్రైవరు గారు కాలవ వైపు చూడనైనా చూడలేదు. పెళ్లాం వైపు తిరిగి, ఏం చెబుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

“గదికి పోనివ్వు బాబూ,” అందావిడ. “ఈయన్ని ఆరబెట్టాలి. ఈ అవతారంతో మా చెల్లెలింటికి తీసుకెళ్తే నా పరువేం కావాలి?”