రెండు ముడులు

జెండా బాబాయ్ ఎర్రదారం కొసను నాలికతో తడిపి, ఒక కన్ను మూసి, సూదిలోకి ఎక్కించాడు. పురపాలక భవనం మేడమీది ఆ ఇరుకు గదిలో ఒక బీరువా, ఒక ఇస్త్రీ బల్ల, ఒక ముక్కాలి పీట, వాటి మధ్య ఆయన. బక్కపలచని మనిషి. తాడు ఒరుసుకుని అరచేతులు కాయలు కాచాయి. పొద్దున జెండా ఎక్కించడం, సాయంత్రం దించి మడతపెట్టడం, ఇంతే ఉద్యోగం. ఇవాళ్టితో అదీ అయిపోతుంది. అందుకు ఆయనకేమీ బెంగలేదు. బెంగంతా బల్లమీద పరిచిన కొత్త జెండా గురించే.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకసారి జెండాను తలకిందులుగా ఎగరేశాడు. వీధంతా తలలెత్తి చూసి నవ్వింది. ఆ సాయంత్రం ముఖం చెల్లక సందుల్లోంచి ఇల్లు చేరాడు. అప్పటినుంచి ప్రతి జెండాకూ తాడు కట్టే అంచున, పైమూల, ఎర్రదారంతో ఒక ముడి వేసుకుంటాడు. ముడి పైకి ఉంటే పరువు దక్కినట్టే.

ఈ జెండాకు ముడి ఎక్కడ వేయాలో అంతుపట్టడం లేదు. పైన లేతనీలం, దాని కింద గులాబీ, నడుమ తెలుపు, మళ్ళీ గులాబీ, మళ్ళీ లేతనీలం. తిప్పి వేశాడు. పైన లేతనీలమే. బోర్లా వేశాడు. అప్పుడూ అంతే. "ఇదేం తిరకాసురా నాయనా!" అనుకుని కిందికి వెళ్ళి మేనేజరమ్మను అడిగాడు. ఆవిడ కుర్చీలు వేయిస్తూ, "మీకు తెలియని జెండానా బాబాయ్!" అని నవ్వేసి అటు వెళ్ళిపోయింది.

ఇంకే జెండా అయినా ఇంత కంగారు పడేవాడు కాదు. ఇది అక్క జెండా, అక్కలాంటి ట్రాన్స్‌జెండర్లందరిదీ; వాళ్ళ దినమనే ఇవాళ ఎగరేస్తున్నారు.

అమ్మ పోయేనాటికి ఆయన పలకాబలపం పట్టే వయసువాడు. పెంచింది అక్కే. అప్పటికి అందరి దృష్టిలోనూ ఆమె అతనికి అన్నయ్య. ఒకరోజు తమ్ముడికి తల దువ్వుతూ మధ్యలో ఆగి, "నేను అన్నయ్యను కాదురా. లోపల ఎప్పుడూ అక్కనే. అలాగే పిలుస్తావా?" అంది.

"మరి నన్ను బడికి ఎవరు దింపుతారు?"

"నేనే."

"అయితే సరే అక్కా."

అంత సులువుగా ఇంకెవరూ ఒప్పుకోలేదు. చుట్టాలు ముఖం తిప్పుకున్నారు. తలకిందులు మనిషి అన్నారు. అక్క లాండ్రీలో ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు ఉతికి తమ్ముణ్ణి చదివించింది. జెండా తిరగబడ్డ నాడు అన్నం పెట్టి, నవ్వించి, ఈ ఎర్రదారం ఉపాయం చెప్పిందీ ఆమే. అక్క లేకపోతే ఈ ఉద్యోగం లేదు, అసలు తానే లేడు. ఆ మాట మాత్రం ఆయన ఏనాడూ నోరు తెరిచి చెప్పలేదు.

ఇన్నేళ్ళూ ఆమె క్యారేజీ తెచ్చి గేటు దగ్గరే ఇచ్చి వెళ్ళేది. ఎవరైనా ఏమైనా అంటే తమ్ముడికి తలవంపులని ఆమె భయం. ఇవాళ లోపలికి వస్తానని మాటిచ్చింది. మళ్ళీ మేడెక్కి కిటికీలోంచి చూస్తే ఇస్త్రీ చేసిన బట్టల్లో, సంచీ గుండెలకు హత్తుకుని, గేటు బయటే నిలబడి ఉంది.

జెండా చంకలో పెట్టుకుని ఆయన దిగి వెళ్ళాడు.

"అక్కా, దీనికి పైవైపు ఏది?"

అక్క దాని అంచు సవరించింది. "నీలం మగపిల్లలకనీ, గులాబీ ఆడపిల్లలకనీ పుట్టగానే చుట్టబెడతారు కదరా. నడుమ తెలుపేమో ఒకవైపునుంచి ఇంకోవైపుకి నడుస్తున్నవాళ్ళది, ఏ వైపూ కానివాళ్ళది."

"అదంతా బాగుంది. పైవైపు ఏదీ?"

"లేదు."

"లేకపోవడమేంటి?"

"ఎటు కట్టినా సరిగ్గానే ఉంటుంది. కావాలనే అలా చేశారు. దీన్ని తలకిందులు చేయడం ఎవరివల్లా కాదు."

ఆయన జెండాను మరోసారి తిప్పి చూశాడు. "ముందే చెప్పొచ్చుగా. పొద్దున్నుంచీ ప్రాణం తోడేస్తోంది," అని విసుక్కున్నాడు.

అక్క నవ్వింది. "వెళ్ళు. నేనిక్కణ్ణుంచే చూస్తాలే."

"ఇది నా ఆఖరి జెండా. నువ్వు రాకపోతే ఎక్కించను."

స్తంభం దగ్గర మేనేజరమ్మ, "ఈవిడ ఎవరు బాబాయ్?" అంది. జనం ఇటు తిరిగారు. అక్క తల దించుకుంది.

"మా అక్కండీ. నన్ను పెంచింది," అన్నాడు గట్టిగా, అందరికీ వినబడేలా. తాడు ఆమె చేతిలో పెట్టాడు. ఇద్దరూ కలిసి లాగారు. జెండా పైకి వెళ్ళి గాలికి విప్పుకుంది. అక్క కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం జెండా దించి, మేడమీది గదిలో ఇస్త్రీ చేసి, ఆయన సూది అందుకున్నాడు. అక్క ముక్కాలి పీటమీద కూర్చుని చూస్తోంది.

"ఇదేంట్రా, రెండు వేశావు?"

"నా తర్వాత వచ్చేవాడు కంగారు పడకూడదు కదా."

అక్క లేచి తమ్ముడి బట్టతల నిమిరింది. తాళంచెవి మేనేజరమ్మకు ఇచ్చేసి, అక్క చేయి పట్టుకుని, ఆయన పెద్ద గేటులోంచి బయటికి నడిచాడు. మర్నాటినుంచి ఇక రాలేదు.

బీరువాలో మడతపెట్టిన జెండాలన్నిటికీ ఒక్కో ఎర్రదారం ముడి, అన్నిటికంటే పైనున్నదానికి మాత్రం పైమూల ఒకటి, కిందిమూల ఒకటి.