ఆండాలు మెడలో విజిల్

ఎల్బీ నగర్‌లో రోజుకో పునాది లేస్తున్న ఎనభైల్లో, కోస్తా నుంచి వచ్చిన సూపర్‌వైజర్ పట్టాభి మెడలో ఒక విజిల్ వేలాడేది. అది ఊదితే కర్మన్‌ఘాట్ గుళ్లో హనుమంతుడు సైతం ఉలిక్కిపడి తోక సర్దుకునేవాడట! స్లాబు వేసేరోజు కాంక్రీటు తట్టలు చేతులు మారుతుంటే, "త్వరగా!" అంటూ పట్టాభి ఊదుతూనే ఉన్నాడు. వరస తడబడి తట్టలు జారాయి. విసిగిన కూలీలంతా కూర్చున్నారు. సగంలో ఆగిన స్లాబు వానాకాలం కారుతుంది, పట్టాభి కొలువు మాత్రం ఈరోజే పోతుంది.

"ఏం చేయమంటారమ్మా?" అని వరసకు పెద్దయిన ఆండాలును అడిగాడు.

"గిప్పుడా సారూ అడిగేది? పక్కదాని చెయ్యి చూసి మా చెయ్యి లేస్తది. నువ్వు ఊదుతే అందరం నీ దిక్కు చూస్తున్నం. గా సీటీ నాకియ్యి."

ఇచ్చేశాడు. విజిల్ ఆమె మెడలో పడ్డాక గంటసేపు మోగలేదు, తట్టా ఆగలేదు. ఆ తర్వాత తట్టలందిస్తున్న కృష్ణమ్మ, తన బిడ్డకు పాలివ్వడానికి వరసలోంచి వెళ్లింది. అప్పుడు మోగింది, ఒక్కసారే.

"సారూ, జాగా ఖాళీ ఉన్నది. ఒస్తవా?"

పట్టాభి ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి వెళ్లి నిలబడ్డాడు. మొదటి తట్ట కాలిమీదే వేసుకున్నాడు గానీ, స్లాబు పొద్దు గూకకముందే పూర్తయింది.