బోరు మూత మీద తాళాలు

మా బిందెల్లో చుక్క పోయని ట్యాంకర్, భూమిలోకి మంచినీళ్లు పోస్తుంటే నేను కళ్లారా చూశాను. అదీ పట్టపగలు. నా కుట్టుమిషను కిటికీ పక్కనే ఉంటుంది. అక్కణ్నుంచి చెత్త డంపు గోడా, గోడ బయట ఇనుప మూత ఉన్న పరీక్ష బోరూ కనిపిస్తాయి. ఊరి చెత్తంతా చేరిన ఆ గుట్ట కింద నీళ్లు ఎలా ఉన్నాయో చూడడానికి వేసిన బోరు అది. డ్రైవర్ మూత తీసి, పైపు లోపలికి దించి, వాల్వు తిప్పి సిగరెట్ ముట్టించాడు. మర్నాడే ల్యాబ్ వాళ్లు శాంపిల్ తీయడానికి వస్తారని మాకు తెలుసు. ప్రతిసారీ నీళ్లు బాగున్నాయనే రిపోర్టు ఎందుకొస్తుందో నాకప్పుడు అర్థమైంది. ఒళ్లు మండిపోయింది.

కత్తెర చేత్తో పట్టుకునే బయటికొచ్చి కేకేశాను. బిందెలతో సహా వీధి వీధంతా పరిగెత్తింది.

"నన్నంటే ఏం లాభం? పొయ్యమన్నారు, పోస్తున్నా," అన్నాడు డ్రైవర్.

"మీ ఇంట్లో ఏ నీళ్లు తాగుతారయ్యా?" అంది ఇస్త్రీ పిన్ని.

అతను సిగరెట్ పారేశాడు. "గుట్ట అవతలి వీధే మాది. అక్కడా ఈ గుట్ట కింది నీళ్లే," అని వాల్వు కట్టేసి, ఖాళీ కాని ట్యాంకర్ తోలుకుని వెళ్లిపోయాడు.

ఇస్త్రీ పిన్ని వరసకి మాకెవరికీ పిన్ని కాదు, వీధికంతటికీ పిన్నే. బట్టల మీద చిలకరించే నీళ్లే ఆమె బతుకుని ముంచాయి. తెల్లచొక్కా మీద చల్లి ఇస్త్రీ పెట్టె రుద్దితే పచ్చటి మరక పడుతోంది. బట్టలిచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. మనవరాలికి స్నానం చేయిస్తే ఒళ్లంతా దద్దుర్లు. ఈసారి కూడా రిపోర్టు బాగుందని వస్తే, మా వీధి వెనక పల్లాన్ని వాగు ఒడ్డుదాకా డంపుకే రాసిచ్చేస్తారు. ఇక మా బావులూ చెత్త కిందే.

సాయంత్రం వెల్డర్ బాబాయి షెడ్డులో అందరం కూడాం.

"దరఖాస్తు పెడదాం," అన్నాడు దరఖాస్తు తాత. గుమాస్తాగా రిటైరైన దగ్గర్నుంచీ ఆయన నోట అదొక్కటే మాట.

"నీ దరఖాస్తులన్నీ ఆ గుట్టలోనే ఉన్నాయి తాతా," అన్నాడు బాబాయి. "ఆ ట్యాంకర్ అద్దాలు పగలగొడితే గానీ వాళ్లకి బుద్ధి రాదు."

"పగలగొడితే డ్రైవర్ జీతంలో కోస్తారు. అతనూ మనలాంటివాడే," అన్నాను.

"అయితే గాజులు తొడుక్కుని కూర్చుందామా?"

"గాజులు తొడుక్కున్నవాళ్లేగా పొద్దున ట్యాంకర్ ఆపింది?" అంది పిన్ని. షెడ్డంతా నవ్వింది. "బోరుకి తాళం వేద్దాం," అందామె.

"వాళ్ల బోరుకి మన తాళమేంటి?" అన్నాడు తాత.

"బోరు వాళ్లది. కింద నీళ్లు ఎవరివి?"

బాబాయి మూతకి గొలుసు బిగించాడు. పిన్ని తన ఇంటి తాళం తెచ్చి వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

పొద్దున్నే డంపు సూపర్‌వైజర్ వచ్చాడు. వెంట సీసాల పెట్టెతో ల్యాబ్ అమ్మాయి.

"తాళం తియ్యి," అన్నాడు.

"తీస్తా. నిన్న పోసిన నీళ్లు ముందు తోడించండి," అంది పిన్ని.

అతను నవ్వాడు. ల్యాబ్ అమ్మాయి నవ్వలేదు. "పద్ధతి కూడా అదే సార్. గొట్టంలో నిలవ నీళ్లు తోడేశాకే సీసాలు నింపాలి. మీరే ఎప్పుడూ టైం లేదంటారు."

పిన్ని తాళం తీసింది. పంపు దించారు. నీళ్లు తేటగా తళతళలాడుతూ వచ్చాయి. "కళ్లు చల్లబడ్డాయా?" అన్నాడు సూపర్‌వైజర్. వెనక ఒకరిద్దరు ఇళ్లదారి పట్టారు.

"ఆపకమ్మా," అంది పిన్ని.

పంపు ఆగలేదు. నీళ్లకి మెల్లగా రంగొచ్చింది. తర్వాత డికాషన్‌లా నల్లబడి, కుళ్లు కంపు గుప్పుమంది. ముక్కులు మూసుకుంటూనే సంతోషపడ్డాం. చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు.

సూపర్‌వైజర్ ల్యాబ్ అమ్మాయి అప్పుడే నింపిన సీసాల పెట్టెను కాలితో తన్నాడు. నల్లనీళ్లు నేల పాలయ్యాయి. "మూత మీద మీ చెయ్యి పడింది. చెయ్యి పడిన బోరు శాంపిల్ చెల్లదు. రేపు పోలీసుల్ని పెట్టుకుని తీస్తాం," అని ఫోను తీశాడు.

పోలీసు జీపు వచ్చింది. పరాయి ఆస్తికి తాళం వేసిన నేరానికి పిన్నిని ఎక్కమన్నారు. ఎక్కేముందు ఆమె మూత వేసి తాళం టక్కున నొక్కేసింది.

"చెవి ఇటివ్వు," అన్నాడు కానిస్టేబుల్.

"నా తాళం నేనే తీస్తా," అని కొంగు బిగించుకుంది.

ఆ సాయంత్రం ఎవరూ మీటింగు పిలవలేదు. తాళం లేని గుమ్మంలో కూర్చుని పిన్ని మనవరాలు ఏడుస్తుంటే వీధంతా చూసింది. బాబాయి ఇంట్లోకెళ్లి తన తలుపు తాళం ఊడదీసి, బోరు గొలుసుకి వేసొచ్చాడు. తర్వాత నాది. దరఖాస్తు తాత తన నకళ్లు దాచుకునే ట్రంకుపెట్టె తాళం తెచ్చాడు. బాబాయి గొలుసు మీద గొలుసు చుడుతూనే ఉన్నాడు. ఇంటింటి తాళాలూ పడి, చివరికి మూత కనిపించలేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్, సూపర్‌వైజర్, ల్యాబ్ అమ్మాయి, మళ్లీ బోరు నింపడానికి ట్యాంకర్, అంతా దిగారు.

"కట్టర్ తెండి," అన్నాడు సూపర్‌వైజర్.

"చెయ్యి పడిన బోరు చెల్లదని మీరే అన్నారు కదా సార్," అంది ల్యాబ్ అమ్మాయి. "కోస్తే అదీ చెయ్యి పడినట్టే. సంతకం నాది. నేను పెట్టను."

"నీ ఉద్యోగం ఉండాలా వద్దా?"

"ఉండాలి. అందుకే పనిని పనిలా చేస్తున్నా."

ట్యాంకర్ డ్రైవర్ కిందికి దిగాడు. వాల్వుకున్న తాళం తీసి మా గొలుసుకి వేశాడు. "గుట్ట అవతలి వీధి తరఫున," అన్నాడు.

"తాళం చెవులు తియ్యండి," అని ఇన్‌స్పెక్టర్ గద్దించాడు.

"తీస్తాం. మొదటి తాళం మీ స్టేషన్లో ఉన్నావిడది. ఆమె తీశాకే మావి. వెళ్లి తీసుకురండి," అన్నాను.

బోరు చుట్టూ కూర్చున్నాం. ఇన్‌స్పెక్టర్ సూపర్‌వైజర్ని చూశాడు, మమ్మల్ని చూశాడు, పిన్నిని తీసుకురమ్మని జీపు వెనక్కి తిప్పించాడు. ల్యాబ్ అమ్మాయి కొత్త సీసాలు వరసగా పేర్చుకుని మా పక్కనే కూలబడింది. "పిన్నిగారు వచ్చాక వాగు దగ్గరికి కూడా పోదాం. డంపు కాలువ కలిసేచోటికి దిగువన. నాచేత ఎప్పుడూ కాలువకి ఎగువనే శాంపిల్ తీయిస్తారు," అంది.

మా వెనక వీధిలో తాళాల్లేని తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఒక్కరు కూడా వెనక్కి తిరిగి చూడలేదు.