వరదరాజన్ ఇంటి ఫిల్టరు

మారండహళ్ళి టమోటా మండీలో వరదరాజన్ వేలం పాడితే బస్‌స్టాండు దాకా వినిపిస్తుంది. అలాంటి మనిషి పరీక్ష రాసి, దూరంగా ఉన్నవాళ్లతో సరదాగా మాట్లాడుకునే అమెచ్యూర్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడు. మొదటి ఆదివారం పొద్దున సెట్టు ముందు కూర్చుని, నలభై మీటర్ల బ్యాండులో సైడ్‌బ్యాండు అనే మాటల పద్ధతి పెట్టి, మైకు నోటికి ఆనించి లైసెన్సుతో ఇచ్చిన గుర్తింపు అక్షరాలు, తన కాల్‌సైన్ చెప్పాడు. గోడ మీది కాకులు లేచిపోయాయి.

హోసూరు నుంచి శ్రీనివాసన్ జవాబిచ్చాడు. ఎన్నో ఏళ్లుగా రేడియోలో ఉన్న మనిషి, ఆయనా తెలుగువాడే.

"అన్నా, మీ మాట పగిలిపోతా ఉంది. సైడ్‌బ్యాండులో అరిస్తే దూరం పోదు, పక్కన మాట్లాడేవాళ్ల మీద పడుతుంది. కొంచం మెల్లగా."

"సరే సార్!" అని వరదరాజన్ ఇంకా గట్టిగా అన్నాడు.

వంటింట్లోంచి భార్య చెన్నమ్మ వచ్చింది. "పెండ్లైనప్పటి నుంచి నేను చెప్తా ఉండేదీ అదే. హోసూరాయన మాటన్నా వినండి," అంటూ పక్కన కుర్చీ వేసుకుంది. ఆ రోజు నుంచి ఆయన గొంతు లేచినప్పుడల్లా మోచేతి పైన గిల్లేది.

కొద్ది రోజుల్లోనే మాట తేటపడింది.

"ఇప్పుడు బాగుండాది! ఏం మార్చినారన్నా?" అన్నాడు శ్రీనివాసన్.

భార్య గిల్లుతోందని బ్యాండులో అందరూ వింటుండగా ఎలా చెప్పడం? "మాట తేటపరిచే ఫిల్టరు పెట్టినాను."

"ఎక్కడ కొన్నారు?"

"కొన్లేదు సార్. ఇంట్లోదే."

సొంతంగా చేసిన ఫిల్టరనుకుని శ్రీనివాసన్ ఉండబట్టలేక, తర్వాతి ఆదివారం బస్సెక్కి వచ్చేశాడు. వరదరాజన్ ఆయనకు యాంటెన్నా చూపించాడు, సెట్టు వెనక వైర్లు చూపించాడు, వానల గురించి మాట్లాడాడు. ఫిల్టరు మాత్రం చూపించలేదు.

కాఫీ తెచ్చిన చెన్నమ్మ కాసేపు చూసింది. "ఆ ఫిల్టరు నేనే సార్," అంటూ మొగుడి చొక్కా చేయి పైకి లాగి ఎర్రటి మచ్చలు చూపించింది. "సౌండు ఎక్కువైతే ఇట్ల తగ్గిస్తాను."

శ్రీనివాసన్ కాఫీ ఒలికేలా నవ్వాడు. "అక్కా, పక్కన కూర్చుని ఇంత నేర్చుకున్నారు. మీరూ పరీక్ష రాయండి."

"వద్దు సార్," వరదరాజన్ కంగారుపడ్డాడు. "ఆమె మైకు పట్టుకుంటే ఇంక నాకు దొరకదు."

చెన్నమ్మ రాసింది, పాసయింది. ఇప్పుడు పొద్దున్నే ఆమె సేలం వాళ్లతో నింపాదిగా మాట్లాడుతుంటే, వరదరాజన్ పక్కన కూర్చుని, ఆమె మాట ముగించి ఎప్పుడు "ఓవర్" అంటుందా అని చూస్తుంటాడు.